కూర్చోవడానికి ఒక బల్ల

కోనసీమలో ఆడమనిషి ఒక్కతే వెళ్ళి, కాఫీ చెప్పుకుని, ఓ గంటసేపు నిమ్మళంగా కూర్చుని, ఎవరి చూపూ గుచ్చుకోకుండా లేచి రాగలిగిన చోటు ఒక్కటి చూపించండి. అమలాపురంలో చూపించండి. రాజోలులో చూపించండి. కొత్తపేటలో చూపించండి. మా ముక్తేశ్వరంలో చూపించమని అడగను. నేను ఈ ఊరిదాన్ని, లేదని నాకు తెలుసు.

గుడి ఉంది, అక్కడ దేవుడి కోసం కూర్చోవాలి. బస్టాపు ఉంది, బస్సు కోసం నిలబడాలి. రేవు ఉంది, నది దాటించే పంటు కోసం ఎండలో కాచుకోవాలి. పెళ్ళిళ్ళున్నాయి, పేరంటాలున్నాయి. పిలిస్తేనే వెళ్ళాలి, అదీ ఎవరింటి ఆడపడుచుగానో ఎవరింటి కోడలిగానో వెళ్ళాలి. తన డబ్బు తాను పెట్టుకుని, తన ఆకలి తాను తీర్చుకుని, ఎవరికీ ఏమీ కాకుండా కాసేపు ఉత్త మనిషిగా కూర్చునే చోటు మాత్రం లేదు.

హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటూ సంక్రాంతికి ఊరొచ్చే మా ఆడపిల్లలు, "పిన్నీ, యానాం ఫ్రెంచివాళ్ళ ఊరే కదా, ప్యారిస్‌లో ఉంటాయే చిన్న చిన్న బిస్ట్రోలు, అలాంటిదేదో చూసుకుని ఓ పూట భోంచేసి వద్దాం" అని ప్రయాణం కడుతుంటారు. ఆ మాటకి నవ్వేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "ఫ్రెంచి తిండెందుకే, మన పులస పులుసు చాలదా?" అనే పెద్దమనుషులకి ఆ పిల్లలు అడుగుతున్నదేమిటో అర్థమే కాలేదు. పులుసు ఇంట్లోనూ దొరుకుతుంది. ఇంట్లో దొరకని తీరిక కోసం వాళ్ళు నది దాటుదామంటున్నారు.

బిస్ట్రో అంటే ప్యారిస్ వీధి మలుపుల్లో ఉండే చిన్న భోజన హోటలు. చాలావాటిల్లో కుర్చీలు ఎక్కువ పట్టవు. కొన్నిటిని మొగుడూ పెళ్ళాలే నడుపుకుంటారు, ఒకరు పొయ్యి దగ్గర, ఇంకొకరు బల్లల దగ్గర. మంచివాటిల్లో పొద్దున సంతలో ఏం దొరికితే మధ్యాహ్నానికి అదే వంట. ఆ వంటేదో పలక మీద సుద్దతో రాసి గుమ్మంలో పెడతారు. పందొమ్మిదో శతాబ్దంలో ఓవెర్న్ కొండల నుంచి బతకడానికి ప్యారిస్ వచ్చిన పేదవాళ్ళు మెట్లెక్కి ఇంటింటికీ బొగ్గులూ కట్టెలూ మోశారు. తర్వాత ఆ బొగ్గుల కొట్లోనే ఓ మూల బల్ల వేసి ద్రాక్షసారా అమ్మారు. ఆ నగరంలో ఎన్నో హోటళ్ళు అలా కూలివాడి చేతుల మీదుగానే పుట్టాయి. అందుకే అక్కడ చాలాచోట్ల పద్ధతి ఒకటే: ఒక కాఫీ కొంటే కుర్చీ నీది. పేపరు చదువుకునే ముసలాయన పక్కన పుస్తకం పట్టుకున్న ఆడపిల్ల కూర్చుంటుంది, ఆ పక్క బల్ల మీద తాపీమేస్త్రీ భోంచేస్తుంటాడు. ఎవరూ ఎవరినీ లేపరు.

ఆ ఫ్రెంచివాళ్ళు మనకి ఎక్కడో ఉన్నవాళ్ళు కారు. మనకి దిగువన, ఇదే గౌతమి ఒడ్డున, యానాంలో 1723లో కోఠీ పెట్టారు. వ్యాపారం సాగక వదిలిపోయారు, తిరిగొచ్చారు, యుద్ధాల్లో ఇంగ్లీషువాళ్ళకి పోగొట్టుకున్నారు, మళ్ళీ దక్కించుకున్నారు. 1871 నుంచి ఫ్రెంచి ఇండియా ఎన్నుకున్న ప్రతినిధి ప్యారిస్ చట్టసభలో కూర్చున్నాడు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ముందుండి నడిపించగా యానాం తిరగబడింది. ఆ ఏడాది నవంబరు 1న పరిపాలన మన దేశం చేతికొచ్చింది. అంటే స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్న నినాదం ఎత్తుకున్న దేశం ఒకటి, మన ముక్తేశ్వరానికి ఒక పంటు, ఒక బస్సు దూరంలో, వస్తూ పోతూ రెండు వందల ఏళ్ళకి పైగా కాపురముంది.

అన్నేళ్ళలో మనం అక్కణ్ణుంచి ఏం తెచ్చుకున్నాం?

మొదట సరుకు తెచ్చుకున్నాం. ఇంగ్లీషువాళ్ళు సుంకాలు వేస్తున్న రోజుల్లో మన జిల్లాల జనం మంగళవారం నాడు యానాం సంతకి ఎగబడి, విదేశీ వస్తువులు కొని, మూటల్లో దాచి తెచ్చుకున్నారు. తర్వాత పెళ్ళిళ్ళు. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చెయ్యకూడదని 1929లో శారదా చట్టం వచ్చింది. ఆ చట్టం ఫ్రెంచివాళ్ళ గడ్డ మీద చెల్లదని తెలియగానే ఉన్నవాళ్ళ కుటుంబాలు పసిపిల్లల్ని తీసుకుని యానాంలో దిగాయి. అక్కడ ఎన్ని పెళ్ళిళ్ళు చేశారంటే ఆ ఊరికి కళ్యాణపురమని పేరొచ్చింది. ఆ తర్వాత మందు. పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాంలో పన్నులు తక్కువని, సీసా చవకని, సాయంత్రమయ్యేసరికి మన కుర్రాళ్ళ బళ్ళు యానాం దారి పడుతున్నాయి. లంకల జనం వరదలో పడవ ప్రయాణాల బాధ తప్పించుకోవాలని కట్టుకున్న ఎదుర్లంక వారధికి, లోక్‌సభ స్పీకరుగా చేసిన బాలయోగి గారి పేరు పెట్టుకున్నాం. ఆ వారధి మీదుగా సీసాలు తరలిస్తున్నాం.

మూడుసార్లూ మనం యానాం వెళ్ళింది మన చట్టానికి కన్నుగప్పడానికే. సుంకం ఎగ్గొట్టడానికి వెళ్ళాం, పసిపిల్లల మెడలో తాళి కట్టించడానికి వెళ్ళాం, చవకగా తాగడానికి వెళ్ళాం. సమానత్వమన్న మాటని మాత్రం ఏ పంటూ ఇవతలి ఒడ్డుకి తేలేదు. ఒక ఊరి పక్కన రెండు శతాబ్దాలుండి నేర్చుకున్నది ఇదీ అంటే, నేర్పినవాడి తప్పెంతో నేర్చుకున్నవాళ్ళ తప్పూ అంతే.

ఇప్పుడు మన హోటళ్ళ సంగతికి వద్దాం. "కోనసీమ వాళ్ళకి మర్యాద మీరు నేర్పుతారా? డొక్కా సీతమ్మ గారు పుట్టిన గడ్డ ఇది" అంటారు. సీతమ్మ గారు పుట్టింది మండపేటలో, 1841లో. మెట్టింది లంకల గన్నవరం. ఏ వేళప్పుడు ఎవరొచ్చినా వండి వడ్డించి, 1909లో కన్నుమూసేదాకా ఆ పొయ్యి ఆరనివ్వలేదు. ఆవిడకి నేను చేతులెత్తి మొక్కుతాను. ఈ రోజు రాష్ట్రంలో బడిపిల్లలు తినే మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టడం న్యాయమే. కానీ ఆవిడ పేరు అడ్డం పెట్టుకుని ఈ ప్రశ్నని నొక్కెయ్యకండి. అన్నదానంలో పెట్టేవారి పుణ్యం పెద్దది, తినేవారు చెయ్యి చాచాలి. హోటల్లో చెయ్యి చాచక్కర్లేదు. డబ్బిచ్చి, తలెత్తుకుని, పక్కవాడితో సమానంగా కూర్చుంటాం. దానం చేసే చేతులు మన దగ్గర ఎప్పుడూ ఉన్నాయి. సమానంగా కూర్చోబెట్టే బల్లే కరువు.

ఆ బల్ల కరువు మన తెలివిమాలినతనం వల్ల రాలేదు. దాన్ని మనం కావాలని రాకుండా చేశాం. కాఫీ హోటళ్ళు ఊళ్ళల్లోకి వచ్చిన కాలంలో గుమ్మం మీద కులం పేరుతో బోర్డు కట్టి, ఎవరు లోపల కూర్చోవాలో ఎవరు అరుగు కింద నిలబడాలో ముందే తేల్చారు. టీ బడ్డీల్లో రెండు రకాల గ్లాసులు పెట్టి, మాలమాదిగలు తాగిన గ్లాసు వాళ్ళ చేతే కడిగించారు. అందుకే రాజ్యాంగం రాసినవాళ్ళు సమానత్వమని ఒక్క పెద్దమాట రాసి ఊరుకోలేదు. 15వ అధికరణంలో దుకాణాల పేరెత్తారు, హోటళ్ళ పేరెత్తారు, చెరువుల పేరెత్తారు, బావుల పేరెత్తారు. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు పేరు చెప్పి ఎవరినీ వాటి గుమ్మం దగ్గర ఆపడానికి వీల్లేదని రాశారు. భోజన హోటలు మాట ఒక దేశపు రాజ్యాంగంలోకి ఎక్కిందంటే, ఆ బల్ల దగ్గర ఎంత అవమానం జరిగి ఉండాలి! 1955లో అంటరానితనానికి శిక్షలు రాసి మరో చట్టం కూడా చేశారు.

ఆ రాజ్యాంగం రాసిన మహానుభావుడి పేరు జిల్లాకి పెడతామంటే, 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టాం. ఇప్పుడు బోర్డుల మీద డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని ఉంది. బోర్డు మారింది సరే, హోటల్లో బల్ల మారిందా? గోడల మీద కులం పేర్లు పోయాయి. నోళ్ళలోంచి పోలేదు. కొత్త మనిషి కుర్చీ లాక్కోగానే "ఎవరి తాలూకండీ?" అని మన మాటలో తేనె కలిపి అడుగుతాం. "ఏ ఊరండీ? ఎవరబ్బాయండీ?" అని రెండు ప్రశ్నల్లో కులం లాగేస్తాం. ఇది ఆప్యాయతంటారు. ఆకలితో వచ్చిన మనిషిని పుట్టుక అడిగే ఆప్యాయత నాకొద్దు. ప్యారిస్ బల్ల దగ్గర నాకు నచ్చేది ఇదే: ఏం తింటారని అడుగుతారు, ఆ పైన అడగరు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. పెద్ద ఊళ్ళల్లో "ఫ్యామిలీ" అని బోర్డు పెట్టి, వెనకవైపు చీకటిగదిలో తెర కట్టి కూర్చోమంటారు. పక్కన మొగుడో అన్నో ఉంటే ఫ్యామిలీ, ఒక్కతే వస్తే? కౌంటరు దగ్గర "పార్శిలాండీ?" అంటారు. కూర్చుంటుందన్న ఊహే వాళ్ళకి రాదు. కింద బారు, పైన భోజనం అని నడిపే చోట మెట్లెక్కడానికే గుండె దిటవు కావాలి. మరుగుదొడ్డి ఉందా అని అడిగితే మొహాలు చూసుకుంటారు. ద్రాక్షారామం వెళ్ళొచ్చి కోటిపల్లి దగ్గర పంటు ఎక్కే ఆడవాళ్ళు పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగడం మానేసి ప్రయాణం చేస్తారు. వాళ్ళు ఎందుకు తాగరో ఈ జిల్లాలో ప్రతి ఆడదానికీ తెలుసు, ఏ మగాడూ అడగడు.

దీనికి రెండు జవాబులు సిద్ధంగా ఉంచుకుంటారు. ఇంట్లో లక్షణంగా వంట ఉండగా బయట తిండెందుకన్నది మొదటిది. ఆ ఇంటి వంట ఎవరు వండుతున్నారు? పదహారేళ్ళకి కాపురానికొచ్చి, అరవై దాటినా పొయ్యి దగ్గరే ఉండి, అందరూ తిన్నాక అడుగూబొడుగూ తినే మనిషి వండుతోంది. ఆ మనిషికి ఎవరైనా ఒక్క పూట వేడివేడిగా వడ్డించారా? ఇంటి వంట గొప్పతనం మాట్లాడే ప్రతి మగవాడూ ముందు ఆ లెక్క చెప్పాలి. రెండో జవాబు, పల్లెటూళ్ళో హోటలు పెడితే ఎవరొస్తారని. ముక్తేశ్వరం రేవుకొచ్చి చూడండి. కోటిపల్లి పంటు కోసం కాచుకునే జనం, క్షణముక్తేశ్వరుడి గుడికొచ్చే జనం, అయినవిల్లి వినాయకుడి దగ్గరికి వెళ్ళే జనం, రోజూ నది దాటి చదువులకీ ఉద్యోగాలకీ పోయే జనం. వచ్చేవాళ్ళకి కొదవ లేదు. వాళ్ళు కూర్చుంటారని మనం ఎన్నడూ అనుకోలేదు.

ఇక వంటకాలా? ఆ విషయంలో మనం ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోనక్కర్లేదు. పనసాకులు బుట్టల్లా కుట్టి పిండి పోసి ఆవిరి మీద ఉడికించిన అంబాజీపేట పొట్టిక్కలు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర. కంద బచ్చలి. పచ్చి కొబ్బరితో ఎన్ని రకాలు చెయ్యొచ్చో అన్ని రకాలు. గోదావరికి ఎర్రనీరు తగిలాక సముద్రం నుంచి ఎదురీదుకొచ్చే పులస. తూర్పుగాలి తిరిగాక యానాం వైపు చీరలతో పట్టే చీరమేను. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత ఉంచుకుని మన రోడ్డు పక్క హోటళ్ళు ఏం అమ్ముతున్నాయి? ఏ ఊళ్ళో ఆగినా అదే ఫ్రైడ్ రైస్, అదే మంచూరియా, అదే రంగు పోసిన బిరియానీ, చెవులు బద్దలయ్యే టీవీ. ఋతువు లేదు, సంత లేదు, ఊరు లేదు.

ఫ్రెంచివాడు తన తిండి విషయంలో మనలా నిద్రపోలేదు. వాళ్ళ భోజన సంప్రదాయం 2010లో యునెస్కో జాబితాకెక్కింది, వాళ్ళ పొడుగాటి రొట్టె బాగెట్ 2022లో ఎక్కింది. హోటల్లో స్వయంగా వండిన వంటకానికి, పెట్టెలోంచి తీసి వేడిచేసిన వంటకానికి తేడా తెలియాలని 2014లో చట్టమే చేశారు. ఇంత చేసినా 1960ల్లో రెండు లక్షల దాకా ఉన్న వాళ్ళ కెఫేలు ఇప్పుడు నలభై వేల లోపుకి పడిపోయాయి. పల్లెలో ఆఖరి కెఫే మూతపడితే ఊరు చచ్చిపోయినట్టేనని అక్కడ బాధపడతారు. మనకి పోగొట్టుకోవడానికైనా ఒకటి ఉండాలి కదా!

కాబట్టి మా పిల్లలకీ, వాళ్ళలా ఆలోచించే ప్రతివాళ్ళకీ చెప్తున్నాను. యానాం ప్రయాణం మానకండి. తప్పకుండా కట్టండి. వరదలు తగ్గి తూర్పుగాలి తిరిగాక అయితే మన రేవులో పంటెక్కి కోటిపల్లిలో దిగి, ద్రాక్షారామం, ఇంజరం మీదుగా వెళ్ళండి. పులస కోసమైతే అది వరదల కాలం, పంటు ఆగిపోతుంది. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వారధి దాటండి. పుదుచ్చేరిలో ఉన్నట్టు ఫ్రెంచి వంట అక్కడ పాతుకుపోలేదు, యానాం వంట మన గోదావరి వంటే. దానికి చిన్నబుచ్చుకోకండి. మందు వాసన లేని, ఇంటివాళ్ళు వండి పెట్టే చిన్న హోటలు అడిగి తెలుసుకోండి. జనం తక్కువగా ఉండే రోజు, మధ్యాహ్నం పూట వెళ్ళండి. అమ్మనీ అమ్మమ్మనీ కూడా తీసుకెళ్ళండి. పార్శిలు వద్దనండి. తెర వెనక వద్దనండి. నలుగురికీ కనబడే బల్ల దగ్గర కూర్చుని, ఇవాళ ఏం వండారని అడగండి. టీవీ ఆపమనండి. మరుగుదొడ్డి ఎక్కడని గట్టిగా అడగండి. భోజనమయ్యాక వెంటనే లేవకండి. వండిన మనిషిని పిలిచి బాగుందని చెప్పండి.

మన పెద్దలు యానాం వెళ్ళి చట్టాన్ని తప్పించుకొచ్చారు. మీరు వెళ్ళి, చట్టం మీకు ఎప్పుడో ఇచ్చేసిన హక్కుని వాడుకుని రండి. తిరిగొచ్చాక ఆ హక్కుని మన ఊళ్ళోనే అడగండి.

నేను అడుగుతున్నది గొంతెమ్మ కోరికేం కాదు. ముక్తేశ్వరం రేవు దగ్గర గాలీ వెలుతురూ ఉన్న ఒక పెంకుటిల్లు. పాతిక కుర్చీలు. శుభ్రమైన మరుగుదొడ్డి. గుమ్మంలో పలక, పలక మీద ఆ రోజు వంటకం, దాని ధర. తెరలుండవు. మందుండదు. మైకుండదు. ఎవరి తాలూకని అడగకూడదని గోడ మీద రాసి ఉంటుంది. కాఫీ కొన్నవాళ్ళని లేపకూడదని కూడా ఉంటుంది. నడిపేది మన డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళు. ఆ సంఘంలో అన్ని పేటల ఆడవాళ్ళూ ఉండాలి, పొయ్యి దగ్గర అందరి చెయ్యీ పడాలి. ఎవరి చేతి వంట ఎవరు తినరో ఆ రోజు బయటపడుతుంది, బయటపడనివ్వండి. కేరళలో కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్ళు ఊరూరా హోటళ్ళు పెట్టి నడుపుకుంటున్నారు. ఇడ్లీపిండి రుబ్బడంలో వాళ్ళకి మనం తీసిపోం. ప్రభుత్వం అన్న క్యాంటీన్లో అయిదు రూపాయలకి అన్నం పెడుతోంది, మంచిదే, ఆకలి తీరుతుంది. రేవు దగ్గర నేనడిగే చోటు ఆకలితో పాటు అవమానాన్నీ తీర్చాలి.

రిసార్టులకి స్థలాలు దొరుకుతున్నాయి. పడవ పందేలకి డబ్బు దొరుకుతోంది. సంక్రాంతి మూడు రోజులూ కోడి బరులకి ఎకరాలకి ఎకరాలు చదును చేసి, లైట్లు కట్టి, కుర్చీలు వేస్తున్నాం. ఆ కుర్చీల్లో పాతిక రేవు దగ్గర వెయ్యడానికి స్థలం లేదు, డబ్బు లేదు అంటే నేను నమ్మను. మనసు లేదనండి, ఒప్పుకుంటాను.

అక్టోబరు 2న గ్రామసభ పెడతారు. ఆ రోజు మగవాళ్ళ వెనక నిలబడి వినేసి రావద్దు. అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్ళారా, ముందు వరసలో కూర్చోండి. ముక్తేశ్వరం రేవులో ఆడవాళ్ళూ మగవాళ్ళూ, అన్ని పేటలవాళ్ళూ సమానంగా కూర్చుని తినే ఒక హోటలు కావాలని కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి, పంచాయతీ చేతికివ్వండి. తీర్మానం పుస్తకంలో ఎక్కేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి.